మెమో ఒకటే, తూకాలు వేరు

పదో తరగతి మార్కుల మెమో చూడ్డానికి ఒకే ఒక్క కాగితం. ఇంటిపేరుతో సహా విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ పుట్టిన తేదీ, మెడ మీదో మోచేతి దగ్గరో ఉన్న రెండు పుట్టుమచ్చల ఆనవాలు, ఆరు సబ్జెక్టుల మార్కులు. ఇంటర్ మెమో కూడా అంతే సాదాగా ఉంటుంది. చదువులోకైనా కొలువులోకైనా అడుగుపెట్టే ప్రతి గడపలోనూ ఈ రెండు కాగితాలు అడుగుతారు. అడగడం అన్నిచోట్లా ఒకటే గానీ చూసే తీరు ఒకటి కాదు. ఒకచోట పాసయ్యారా లేదా అని చూసి పక్కన పెడతారు. ఇంకోచోట ఫలానా శాతం దాటితేనే లోపలికి రానిస్తారు. మరోచోట దశాంశం తర్వాత నాలుగు స్థానాల దాకా లెక్కగట్టి, ఆ తేడాతోనే ఉద్యోగం ఇస్తారు. తెలుగు రాష్ట్రాల్లో టెన్త్, ఇంటర్ మార్కుల విలువ ఎంతన్నది అడిగేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది.

టెన్త్‌కు మొత్తం 600 మార్కులు. ద్వితీయ భాషగా తీసుకునే హిందీలో 20, మిగిలిన సబ్జెక్టుల్లో 35 వస్తే పాస్. ఫలితాలు వచ్చిన మరునాటి నుంచే ఈ మార్కులకు పని పడుతుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సీట్లు మెరిట్ మీద ఇస్తారు. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి గిరాకీ ఉన్న ట్రేడ్ దొరకాలన్నా టెన్త్ మార్కులే ఆధారం. పాలిటెక్నిక్‌కు మాత్రం పాలిసెట్ ర్యాంకు కావాలి. అక్కడ టెన్త్ పాసైతే చాలు, 590 వచ్చినవాడూ 350 వచ్చినవాడూ ఒకే వరసలో నిలబడతారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల లెక్క వేరు. పరీక్షలకు ముందే పీఆర్వోలు ఇళ్లకు వచ్చి సీట్లు బుక్ చేయించుకుంటారు. మార్కులు వచ్చాక అవి ఫీజు బేరంలో పనికొస్తాయి. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఫీజు తగ్గుతుంది. ఏ సెక్షన్‌లో కూర్చోబెడతారన్నదీ చాలాచోట్ల వాటిని బట్టే ఉంటుంది. ఈ బేరం ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు గానీ, మధ్యతరగతి ఇంటికి టెన్త్ మార్కుల రొక్కపు విలువ మొదట తెలిసొచ్చేది అక్కడే.

టెన్త్ మార్కులే సర్వస్వమైన చోటు ట్రిపుల్ ఐటీ. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపస్‌లు ఏర్పడ్డాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. టెన్త్ పాసైన పిల్లలను నేరుగా తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. ఎంట్రన్స్ పెడితే కోచింగ్‌కు డబ్బు పెట్టగలిగినవాళ్లే ముందుంటారు, పల్లెటూరి పిల్లలు వెనకబడతారన్నది ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన. అందుకే ప్రవేశపరీక్ష లేదు. అంతటితో ఆగలేదు. జిల్లా పరిషత్, ప్రభుత్వ, మున్సిపల్ బడుల్లో చదివినవారికి పదికి 0.4 పాయింట్లు అదనంగా కలిపారు. చూడ్డానికి చిన్న అంకె. కానీ 9.7 తెచ్చుకున్న జడ్పీ హైస్కూలు విద్యార్థిని 10 తెచ్చుకున్న ప్రైవేటు బడి విద్యార్థి కంటే ముందుకు తెచ్చేది అదే. ఇంటర్‌కు లక్షలు కట్టలేని రైతు, కూలీ కుటుంబాల నుంచి మొదటితరం ఇంజినీర్లు రావడంలో ఈ 0.4 చేసిన పని తక్కువేమీ కాదు.

అయితే మార్కులను ఇంత నమ్ముకున్నప్పుడు వాటిని కొలిచే గజంబద్ద సరిగా ఉండాలి. ఆ బద్దే పలుమార్లు మారింది. 2012లో టెన్త్‌కు మార్కుల బదులు గ్రేడ్లు వచ్చాయి. ఒక్క మార్కు కోసం పిల్లలు నలిగిపోకూడదన్నది ఉద్దేశం. అప్పటి లెక్కలో 92 నుంచి 100 దాకా ఎన్ని వచ్చినా ఏ1 గ్రేడే, పది పాయింట్లే. దాంతో 92 వచ్చిన విద్యార్థీ 100 వచ్చిన విద్యార్థీ సమానమయ్యారు, 91 వచ్చినవాడు మాత్రం ఒక మెట్టు కిందికి దిగాడు. ఒత్తిడి పోలేదు, గీత దగ్గరికి జరిగిందంతే. పది పాయింట్లు వచ్చినవాళ్లు ఎక్కువైనకొద్దీ ట్రిపుల్ ఐటీ సీటుకు సమానులను విడదీయాల్సి వచ్చింది. మొదట గణితంలో ఎంత, తర్వాత సైన్స్‌లో ఎంత అని వరసగా చూసుకుంటూ పోయి, అప్పటికీ తేలకపోతే పుట్టిన తేదీ చూస్తారు. వయసులో పెద్దవారికి ముందు చోటు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి చెప్పిన తేదీ పదేళ్ల తర్వాత ఇంజినీరింగ్ సీటును తేల్చిందన్నమాట!

2020, 2021ల్లో కోవిడ్ వల్ల టెన్త్ పరీక్షలు రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు. అందరూ పాసైనప్పుడు మెరిట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో ట్రిపుల్ ఐటీలకు ప్రత్యేకంగా ప్రవేశపరీక్ష పెట్టాల్సి వచ్చింది, బాసరకు 2021లో పాలిసెట్ ర్యాంకును వాడుకున్నారు. పరీక్షలు మళ్లీ మొదలయ్యాక పాత పద్ధతీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఫలితాల్లో మార్కులు ఇచ్చింది. తెలంగాణ 2025 పరీక్షల నుంచి మెమోల మీద మార్కులు చూపిస్తోంది.

టెన్త్ మార్కులతో నేరుగా కేంద్ర ప్రభుత్వ కొలువు దొరికే దారి ఒకటుంది, తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉండాలి, స్థానిక భాష వచ్చి ఉండాలి, వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి. దరఖాస్తులన్నీ కంప్యూటర్‌లోకి వెళ్తాయి, టెన్త్ శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్కించి జాబితా బయటికొస్తుంది. 600కు 556 వస్తే 92.6667, 555 వస్తే 92.5000. ఆ మధ్యలో ఎంతమంది ఇరుక్కుని ఉంటారో జాబితా తెరిచి చూసినవాళ్లకే తెలుస్తుంది. బ్రాంచి పోస్టుమాస్టరుకు మొదటి మెట్టు 12,000, సహాయ పోస్టుమాస్టరుకూ డాక్ సేవక్‌కూ 10,000, దానిపై కరువు భత్యం. జీతం గొప్పదేమీ కాదు. ఉన్న ఊళ్లోనో పక్క ఊళ్లోనో పని, రోజుకు కొన్ని గంటలే, పై పోస్టులకు పోటీ రాసుకునే వీలు. అందుకే బీటెక్ చేసినవాళ్లూ దరఖాస్తు పెడతారు. వాళ్ల బీటెక్ అక్కడ లెక్కలోకి రాదు. పదిహేనేళ్ల వయసులో రాసిన సోషల్ పేపరే వస్తుంది.

గ్రేడ్ల ఏళ్లలో టెన్త్ చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. గ్రేడు పాయింట్లు మాత్రమే ఉన్న మెమోలకు వాటిని 9.5తో గుణించి శాతంగా మార్చే లెక్క నోటిఫికేషన్లలో ఉంటుంది. ఆ లెక్కన పదికి పది వచ్చినా 95 దాటదు. మార్కుల మెమో ఉన్నవాడికి 600కు 571 వస్తే చాలు, 95.1667తో పది పాయింట్లవాడిని దాటిపోతాడు. ఒత్తిడి తగ్గించడానికి తెచ్చిన పద్ధతి పదేళ్ల తర్వాత ఉద్యోగం దగ్గర ఇలా అడ్డం తిరుగుతుందని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు.

రైల్వేలో అప్రెంటిస్‌లను తీసుకునేటప్పుడు టెన్త్ మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు తీస్తారు. సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి టెన్త్‌లో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. పరుగులో అందరికంటే ముందున్నా ఆ 45 లేకపోతే మైదానం దాకా వెళ్లే పని లేదు.

ఇంటర్ దగ్గరికి వచ్చేసరికి కథ కొంచెం చిక్కుపడుతుంది. దశాబ్దాలుగా నడిచిన పద్ధతిలో ఎంపీసీకి మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530, మొత్తం 1,000 మార్కులు. ఇందులో ఇంగ్లిష్, ద్వితీయ భాష కలిపి 400. మిగిలిన 600 గ్రూపు మార్కులు: గణితం 300, భౌతిక, రసాయన శాస్త్రాలు చెరో 150, ప్రాక్టికల్స్‌తో కలిపి. ఈ విభజన గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొన్నిచోట్ల వెయ్యి చూస్తారు, కొన్నిచోట్ల ఆరువందలే చూస్తారు.

ఇప్పటికీ జనం ఎంసెట్ అనే పిలిచే ఈఏపీసెట్‌లో చూసేది ఆరువందలే. చాలా ఏళ్లు ర్యాంకు లెక్కలో ఎంట్రన్స్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం తూకం ఉండేది. కోవిడ్ కాలంలో ఆ వెయిటేజిని పక్కన పెట్టారు. తర్వాత రెండు రాష్ట్రాలూ చెరో దారి పట్టాయి. తెలంగాణ 2023లో దాన్ని శాశ్వతంగా తీసేసింది, ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మళ్లీ తెచ్చింది. సరిహద్దుకు అటువైపు కోదాడలో చదివే విద్యార్థికి ఇంటర్ మార్కులు ర్యాంకులోకి రావు, ఇటువైపు జగ్గయ్యపేటలో చదివే విద్యార్థికి వస్తాయి.

అవి ఎంత వస్తాయో లెక్కేసి చూడవచ్చు. ఇద్దరు విద్యార్థులు అనుకుందాం. ఒకరికి గ్రూపులో 600కు 570, ఎంట్రన్స్‌లో 160కి 80. ఇంటర్ నుంచి 23.75, ఎంట్రన్స్ నుంచి 37.5, మొత్తం 61.25. ఇంకొకరికి గ్రూపులో 480, ఎంట్రన్స్‌లో 88. అక్కడ 20, ఇక్కడ 41.25, మొత్తం అదే 61.25. అంటే రెండేళ్లు చదివి తెచ్చుకున్న 90 మార్కుల ఆధిక్యాన్ని మూడు గంటల పరీక్షలో ఎనిమిది ప్రశ్నలు చెరిపేశాయి. ఎంట్రన్స్‌లో ఒక్క సరైన జవాబు ఇంటర్‌లో పదకొండు మార్కులకు పైనే తూగుతుంది. కార్పొరేట్ కాలేజీలు సమయాన్ని ఎక్కడ ఖర్చు పెడతాయన్నది ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. అయినా వెయిటేజి ఉన్నచోట ఇంటర్‌ను పూర్తిగా వదిలేయడం కుదరదు. ఒకే స్కోరు దగ్గర వందలమంది గుమిగూడే చోట అర పాయింటు తేడా ఎంతోమందిని దాటిస్తుంది. అదీగాక, వెయిటేజి ఉన్నా లేకపోయినా బీటెక్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం అర్హతగా ఉండనే ఉంది.

జాతీయ స్థాయిలో మార్కులకు ఎంత చోటివ్వాలన్నది చాలాకాలం తేలలేదు. 2013 నుంచి 2016 దాకా ఎన్‌ఐటీ ప్రవేశాలకు జేఈఈ మెయిన్‌తో పాటు బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజి ఇచ్చారు. కోచింగ్ మోజులో పిల్లలు ఇంటర్ చదువును వదిలేస్తున్నారన్నది అప్పటి వాదన. దేశంలో పదుల సంఖ్యలో బోర్డులు, ఒకచోట ధారాళంగా మార్కులు, ఒకచోట పిసినారితనం. వాటిని ఒకే స్థాయికి తేవడానికి పెట్టిన పర్సెంటైల్ లెక్క ఎవరికీ ఒక పట్టాన అర్థం కాలేదు, 2017లో వదిలేశారు. ఇప్పుడు మిగిలింది అర్హత గీత ఒక్కటే. ఐఐటీ, ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం, లేదా తమ బోర్డులో తొలి 20 పర్సెంటైల్‌లో చోటు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం. ఈ లెక్కలో భాష కూడా వస్తుంది. తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇంటర్‌లో తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం వెనక భాషాభిమానం ఏమీ లేదు. తక్కువ శ్రమతో 98, 99 వచ్చే పేపరు అదని అందరికీ తెలుసు.

బిట్స్ పిలానీ దీనికి ఎదురు దిశలో నడిచింది. 2005కు ముందు అక్కడ ప్రవేశపరీక్ష లేదు. వేర్వేరు బోర్డుల ప్లస్‌టూ మార్కులను ఒక స్థాయికి తెచ్చి సీట్లు ఇచ్చేవారు. ఆ ఏడాది బిట్‌శాట్ వచ్చింది, మార్కులు అర్హతకే పరిమితమయ్యాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంకా ఆలస్యంగా మేలుకుంది. అక్కడ 2021 దాకా కటాఫ్‌ల రాజ్యమే. ఆ ఏడాది శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, హిందూ కాలేజీల్లో కొన్ని కోర్సుల మొదటి కటాఫ్ నూటికి నూరు! నూరు దాటి పెంచడానికి వీల్లేదు గనక, మరుసటి ఏడాది సీయూఈటీ అనే ప్రవేశపరీక్ష పెట్టారు. నీట్‌లోనూ ఇంటర్ మార్కులకు తూకం లేదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే చాలు.

మార్కులకు పాత గౌరవం ఇంకా మిగిలిన చోటు మామూలు డిగ్రీ కాలేజీ. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతితో ఇంటర్ మెరిట్ మీదే సీట్లు ఇస్తున్నారు. హైదరాబాద్‌లో పేరున్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకాం కంప్యూటర్స్ కావాలనుకునే అమ్మాయికి ఇంటర్ శాతమే ర్యాంకు. ఉపకార వేతనాలూ అంతే. ప్రకృతి శాస్త్రాల్లో డిగ్రీ చేసేవారికి ఏడాదికి 80,000 రూపాయలిచ్చే ఇన్‌స్పైర్ పథకంలో ఇంటర్‌లో బోర్డు తొలి ఒక శాతంలో ఉన్నవారికి అవకాశం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే మరో స్కాలర్‌షిప్‌కు 80 పర్సెంటైల్ దాటాలి.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ వ్యవస్థ తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల గ్రేడ్లన్నీ ట్రాన్‌స్క్రిప్టులో ఎక్కుతాయి. తొమ్మిదో తరగతిలో పడ్డ బి గ్రేడు కూడా కాలేజీ దరఖాస్తులో కనిపిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాట్ స్కోర్లను చూడటం మానేశాక అక్కడ గ్రేడ్ల బరువు ఇంకా పెరిగింది. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం ప్రతి హైస్కూలులో తొలి పది శాతం విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంది. గిరాకీ వల్ల ఆస్టిన్ క్యాంపస్ ఆ గీతను క్రమంగా ఆరు శాతానికి, 2026 ప్రవేశాల నుంచి ఐదు శాతానికి తగ్గించింది. పోలిక సొంత బడిలోని పిల్లలతోనే. మంచి బడి కోసం డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు, అదే ఆశతో వచ్చిన పక్కింటి పిల్లలే పోటీగా తయారవుతారు.

తక్కువ వచ్చిన మార్కులను సరిదిద్దుకునే దారులు కొన్ని ఉన్నాయి. ఇంటర్‌లో పాసైన మొదటి ఏడాది పేపర్లను అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ సమయంలో మళ్లీ రాసుకోవచ్చు, దాన్నే బెటర్‌మెంట్ అంటారు. రెండింటిలో ఎక్కువ వచ్చినదే నిలుస్తుంది. సప్లీలో పాసైతే ఆ ఏడాదే పై చదువులో చేరవచ్చు. మార్కులు తేడాగా అనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. వీటిని లాంఛనం అనుకోవడానికి లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఎవరో వేసిన అంకె ఎవరో ఎక్కించేటప్పుడు తప్పవచ్చన్న సంగతి ఆ ఏడాది దాకా చాలా ఇళ్లకు తెలియదు.

బీటెక్ నాలుగో ఏడాదిలో క్యాంపస్ ప్లేస్‌మెంట్ల వేళకు పాత మెమోలు మళ్లీ బయటికి వస్తాయి. టీసీఎస్ లాంటి పెద్ద ఐటీ కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి. పిల్లల మాటల్లో దీని పేరు ‘త్రూఅవుట్ సిక్స్‌టీ’. 60 దాటాక 61కీ 98కీ తేడా ఉండదు, తర్వాతదంతా ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూలదే. కానీ ఇంటర్‌లో 58 శాతంతో సరిపెట్టుకుని, ఇంజినీరింగ్‌లో తొమ్మిది పాయింట్లు తెచ్చుకున్న కుర్రవాడు ఆ పరీక్ష గది దాకా రాలేడు. వేలల్లో వచ్చే దరఖాస్తులను వడగట్టడానికి కంపెనీలకు ఇది సులువైన జల్లెడ. ఆ కుర్రవాడి వైపు నుంచి చూస్తే అన్యాయమే. అతనికి మిగిలేవి ఆ షరతు పెట్టని చిన్న కంపెనీలు, తెలిసినవాళ్ల రిఫరల్స్, లేదా సర్కారు కొలువుల పరీక్షలు. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్‌కు డిగ్రీ పాసైతే చాలు. అక్కడ టెన్త్‌లో ఎంత వచ్చిందన్నది ర్యాంకులోకి రాదు. టీచరు కొలువు మాత్రం వెనక్కి తిరిగి చూస్తుంది. ఎస్జీటీ కావాలనుకునేవారు డీఈడీలో చేరడానికే ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం ఉండాలి.

మొదటి ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచాక మార్కులు అడిగేవాళ్లు తగ్గిపోతారు. కంపెనీ మారినప్పుడు చూసేది చేసిన పని, వచ్చిన నైపుణ్యం. మెమోలు అప్పుడూ తీసుకుంటారు గానీ అవి అసలైనవా కావా అని బోర్డుతో సరిచూసుకోవడానికే. సర్కారు కొలువులో చేరినవాళ్లకు సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ టెన్త్ మెమో నుంచే ఎక్కుతుంది, పదవీ విరమణ నాడు లెక్క తీసేదీ దానితోనే. అప్పటికి ఆ కాగితంలో మార్కులున్న భాగాన్ని ఎవరూ చదవరు.